విమానమొల్లని పెద్దలు

మా డాబామీద బట్టలారవేయుచు తల యెత్తినచో నొకప్రక్క హైటెక్ సిటీ యద్దాల మేడలును, వానిమీదుగా నెగురు విమానములును గనబడును. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటికి ఈ ప్రక్క రాతిగుట్టలే హెచ్చుగ నుండెడివని మా మామగారు చెప్పుచుందురు. నేడు ఇచ్చటి యిండ్ల బిడ్డలకు విమానమెక్కుట మన యమ్మమ్మలు ఎడ్లబండి యెక్కినంత సామాన్యమైపోయినది. కాని ఆ బిడ్డల తలిదండ్రులలో విమానమనగనే మొగము ముడుచుకొనువారు పెక్కురు గలరు. వారిది వట్టి మొండితనమని నేనును చిరకాలము తలచితిని. ఆ తలపు తప్పని నాకు తెలిసిన విధమును సోదరీమణులకు విన్నవించుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అత్తగారి చెల్లెలు భర్తయుద్యోగమును బట్టి నలువది యేండ్ల క్రిందట అండమాను దీవులకు వెళ్లి యచ్చటనే నిలిచిపోయిరి. వారుండు పోర్టుబ్లెయిరునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. అది మనకు పరాయి నేల గాదు. 2011 జనాభా లెక్కల ననుసరించి యా దీవులలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. చిన్నత్తగారి భర్త గతించినప్పుడు అక్కగారు వెళ్లలేకపోయిరి. "ఇద్దరిలో నొకరు పోకముందే దాని మొగము చూడవలెను" అని అత్తగారు పండుగపూట కూడ కంటనీరు పెట్టుకొనెడివారు. మామగారు లేక యామె కదలరు. మామగారు విమానమెక్కరు.

దానికి కారణము లేకపోలేదు. మూడేండ్ల క్రిందట వారిని విమానములో కాశికి తీసికొనిపోతిమి. దిగునప్పుడు వారికి చెవిలో శూలమువంటి పోటు వచ్చెను. దారి పొడవునను ఆయాసపడిరి. విమానము లోపలి గాలియొత్తిడి నేలమీది యొత్తిడివంటిది కాదనియు, ఆరు మొదలు ఎనిమిది వేల అడుగుల కొండమీద నున్నంత పలుచగా నుండుననియు నాకు తరువాత తెలిసినది. వయసులోనివారికి అది లెక్కలోనిది కాదు. ఊపిరి బలము తగ్గిన డెబ్బదినాలుగేండ్ల మనిషికి అది లెక్కలోనిదే.

ఇంత యెరుగక ముందు నేను చేసిన పని చెప్పుటకు సిగ్గగుచున్నది. మావారు బడిపంతులు. వారికి సెలవులును కొలదియే, జీతమును కొలదియే. ఒకనాటి రాత్రి వంటయింటిలో నేను వారితో, "రెండున్నర గంటల ప్రయాణమునకు ఇంత రభస యేల? మామగారికి నిద్రమాత్ర యొకటి యిచ్చి యెక్కించినచో దిగునప్పటికి గాని మెలకువ రాదు" అంటిని. ఆ మాట ప్రక్కగదిలోని వారి చెవిని బడునని తలపలేదు. మరునాటి యుదయమున కాఫీ యందీయబోగా మామగారు గ్లాసు పుచ్చుకొనక నా వంక జూచి, "అమ్మాయీ, నన్ను మూటగట్టి పంపవలె ననుకొంటివా?" అనిరి. కోపముతో ననినచో నోర్చుకొని యుందును. వారు మెల్లగ ననిరి. నాకు మాట రాలేదు.

ఆ మధ్యాహ్నమే మేము వైద్యునియొద్దకు వెళ్లితిమి. ఊపిరి తక్కువగు వృద్ధులకు నిద్రమాత్ర యిచ్చి విమానమెక్కించుట ప్రమాదకరమని ఆయన నన్నే మందలించిరి. ఓడమాట యడుగగా, గాలియొత్తిడి బాధ యుండదుగాని నడిసముద్రమున పెద్ద యాసుపత్రి దొరకదు గనుక, ఒంట్లో నెమ్మదిగ నున్నప్పుడు మాత్రమే బయలుదేరవలెనని సెలవిచ్చిరి.

ఇంటికి వచ్చి మామగారినే ముందు కూర్చుండబెట్టుకొని వెదకసాగితిమి. మన భాగ్యనగరమునకు సముద్రము లేదు. చెన్నపట్టణమైనను, విశాఖపట్టణమైనను రైలులో నొక రాత్రి దూరము. విశాఖలో 2023 సెప్టెంబరులో విహారనౌకలకై ప్రత్యేకమైన టెర్మినలు ప్రారంభించిరి. అంతకుముందే, 2022 జూనులో, ఎంప్రెస్ అను విహారనౌక విశాఖనుండి యాత్రికుల నెక్కించుకొని బయలుదేరెను. మేడవంటి యోడ, భోజనశాలలు, పాటకచ్చేరీలు, ఈతకొలను — చిత్రములు చూచి అత్తగారు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. మామగారు మాత్రము, "ఇది ఎచ్చటికి బోవును?" అని యడిగిరి. రెండు మూడు రాత్రులు సముద్రముపై ద్రిప్పి పుదుచ్చేరి, చెన్నపట్టణముల ప్రక్కకు దీసికొనిపోవునని చెప్పితిని. "వేడుకకు మంచిదే. మీ అత్తకు వేడుక గాదు కావలసినది, చెల్లెలు" అనిరి.

అప్పుడు అండమాను ప్రభుత్వపు టోడలు జ్ఞప్తికి వచ్చినవి. అవి చెన్నపట్టణము, కలకత్తా, విశాఖలనుండి శ్రీ విజయపురమునకు బోవును. విశాఖనుండి సుమారు 1200 కిలోమీటర్లు. రెండున్నర దినముల పయనము, ఒక్కొక్కప్పుడు మూడు దినములును బట్టును. చెన్నపట్టణపు టోడలే తరచు. విశాఖకు వచ్చునవి అరుదు గనుక ప్రకటనకై కాచుకొని యుండవలెను. పూర్వము కాకినాడ, విశాఖ రేవులనుండి మనవారు రంగూనునకు స్టీమర్లలో బోయిరి. సముద్రము దాటినవానికి ప్రాయశ్చిత్తము విధించిన యిండ్లును ఆ కాలమున గలవు. అట్టి యింట బుట్టిన మామగారే యిప్పుడు ఓడ కావలెననుట చూచి అత్తగారు నవ్విరి.

సాఫ్టువేరు కంపెనీలో పనిచేయు ప్రక్కింటి యబ్బాయి, "రెండు గంటల దారికి మూడు రోజులా, తాతగారూ!" అని యాశ్చర్యపడెను. మామగారు, "ప్రవరుడు పాదలేపముతో క్షణములో హిమాలయమునకు బోయినాడు, నాయనా. పసరు కరగిన తరువాత ఇంటికి దారి తెలియక యెంత దుఃఖించినాడో యెరుగుదువా?" అనిరి. ఆ రాత్రి ఆ పిల్లవాడే మనుచరిత్రము కథ యేమని నన్నడిగి తెలిసికొని పోయెను.

సన్నాహములో మేము నేర్చినవి సోదరీమణుల కుపయోగించునని వ్రాయుచున్నాను. తుపానుల రోజులైన అక్టోబరు మొదలు డిసెంబరు వరకును, వర్షఋతువునను బంగాళాఖాతము కల్లోలముగ నుండును గనుక మాఘఫాల్గుణములు మేలు. ఓడ నడుమ, క్రింది యంతస్తునందలి గదికి ఊగుట తక్కువ. పెద్దలకు క్రింది పడకయే యడుగవలెను. వైద్యు డోడలో నుండునా యని ముందుగనే విచారింపవలెను. ఓడ నాలుగు దినము లాలస్యమైనను చాలునట్లు మందులు పెట్టవలెను. ఓడతేదీ స్థిరపడక మునుపు తిరుగు రైలునకు టిక్కెట్టు తీయరాదు. వికారమునకు శొంఠి, పేలాలు, ఊరవేసిన యుసిరిక మేము గట్టితిమి.

మాఘమాసమున గోదావరి ఎక్స్‌ప్రెస్సులో సాయంకాల మెక్కి తెల్లవారునప్పటికి విశాఖలో దిగితిమి. రేవులో మెట్లెక్కునప్పుడు మామగారు వెనుకకు దిరిగి చేయి యూపిరి. ఆ చేతిలో నా మూటయే యుండెను. ఓడ కనుమరుగైన పిదప రెండు దినములు ఫోను పలుకలేదు. నడిసముద్రమున పలుకదని తెలిసియు నాకు నిద్ర పట్టలేదు. నేనే వీరిని సాగనంపితినిగదా, ఏమైన నైనచో ఎవరికి మొగము చూపుదునని దేవుని గదిలో కూర్చుండి యేడ్చితిని.

మూడవనాటి సాయంకాలము ఫోను మ్రోగెను. ముందు వినబడినది అత్తగారి గొంతు గాదు, ఇద్దరు ముసలమ్మలు ఒకేసారి మాటలాడుచు, ఒకేసారి యేడ్చుచున్న సవ్వడి. తరువాత మామగారు పుచ్చుకొని, "అమ్మాయీ, రెండవనాడు ఓడ యూగినది. మీ అత్త శొంఠితో నిలదొక్కుకొన్నది. నేను పైతట్టున కూర్చుండి సూర్యోదయము చూచితిని. ఈ తడవ నన్నెవరును మూటగట్టలేదు" అని నవ్విరి. ఆ నవ్వు వినుటకు నేను మూడు దినములు కాచుకొంటిని. ఆ మాట వినుటకు కొన్ని నెలలు కాచుకొంటిని.

విమానము చెడ్డదని నేననను. సముద్రము దాటి దూరదేశములలో నున్న బిడ్డలకడకు బోవలసిన తల్లికి అదియే శరణ్యము. మన రేవులనుండి అమెరికాకు యాత్రికుల నోడలు నిత్యము నడువవు. కాని ఇంటి పెద్దలు వల్లయనినపుడు, ఎందుకు వల్లయని వారి ప్రక్కన గూర్చుండి యడుగుట మన పని. నేను ఆ ప్రశ్న యడుగుటకు మూడేండ్లు పట్టినది. వారు చెప్పుటకు కాఫీ చల్లారునంత సేపును పట్టలేదు.