రెండు కాలయంత్రాలు

పిల్లలూ, ఒక కథను ముందు పుస్తకంలో చదివి, తరవాత సినిమాగా చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. "పుస్తకంలో ఇలా లేదే!" అని మీకు కోపం వచ్చి ఉంటుంది కూడా. ముందు సినిమా చూసి, ఆ తరవాత పుస్తకం పట్టినవాళ్ళు, "సినిమాలో ఉన్నది ఇందులో లేదే!" అంటారు. మా బోరబండ పిల్లలు ఈ రెండో రకం. వాళ్ళతో నాకు నడిచిన వాదమే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

ఆ సినిమా పేరు "ఆదిత్య 369". సింగీతం శ్రీనివాసరావుగారు తీశారు. 1991 జులైలో మొదటిసారి విడుదల అయింది. 2025 ఏప్రిల్‌లో అది మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు మా వీధి పిల్లలు నలుగురైదుగురు పెద్దవాళ్ళతో వెళ్ళి చూసివచ్చి, వారం రోజులపాటు మరొక మాట మాట్లాడలేదు. మెట్ల మీద కూచుంటే కాలయంత్రం, నీళ్ళ టాంకరు దగ్గర నిలబడితే కాలయంత్రం. ఈ ఊహ ఎచ్. జి. వెల్స్ అనే ఆంగ్ల రచయితదనీ, ఆయన 1895లో అచ్చు వేసిన "ది టైమ్ మెషీన్" అనే నవలను సింగీతంగారు కాలేజీ రోజుల్లో చదివారనీ నేను చెప్పేసరికి వాళ్ళు నమ్మలేదు.

"గంత పాత ఇంగ్లీషు పుస్తకంల కృష్ణదేవరాయలు ఎట్లుంటడు తాతా?" అన్నాడు ఒక కుర్రవాడు.

మంచి ప్రశ్నే. రాయలవారు అందులో లేరు. వజ్రం లేదు, దొంగ లేడు, నవ్వించే పోలీసు కూడా లేడు. ఇంకా చిత్రం, నవలలో కథానాయకుడికి పేరైనా లేదు. కాలయాత్రికుడు అంటాడు రచయిత, అంతే. లండను పక్కన రిచ్‌మండ్ అనే చోట ఆయన ఇల్లు. నికెలు, దంతం, స్ఫటికం ఉపయోగించి ఒక యంత్రం చేసి, దాని జీను మీద గుర్రపురౌతులాగా కూచుని, మీట నొక్కి, ఏకంగా 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు.

అక్కడ మనుషులు నాలుగడుగుల ఎత్తున బొమ్మల్లాగా ఉన్నారు. వాళ్ళు ఎలోయీలు. పళ్ళు తింటారు, పూలతో ఆడుకుంటారు, ఒక్క పనీ చెయ్యరు. ఒకనాడు వీనా అనే పిల్ల ఏట్లో కొట్టుకుపోతుంటే మిగిలిన ఎలోయీలలో ఒక్కడూ కదలలేదు. కాలయాత్రికుడే దిగి ఆమెను ఒడ్డుకు చేర్చాడు. అంత సుఖంగా బతికే ఈ ఎలోయీలకు చీకటంటే వణుకు. ఎందుకంటే అక్కడక్కడా బావుల వంటి రంధ్రాలున్నాయి, వాటి అడుగున మోర్లాకులనే తెల్లటి జీవులున్నారు. వాళ్ళూ మనుషుల సంతతే. భూమి కింద యంత్రాలు నడుపుతారు, పైవాళ్ళకు బట్టలూ చెప్పులూ తయారు చేసి పెడతారు. చీకటి రాత్రులలో పైకి వస్తారు. ఎందుకు వస్తారో నవలలోనే చదవండి. నేనిక్కడ చెప్పితే చిన్నపిల్లలకు నిద్ర పట్టదు, వాళ్ళ అమ్మలు నన్ను తిడతారు.

కాలయాత్రికుడు ఆ లోకంలో ఎనిమిది రోజులుండి, ఆ తరవాత 3 కోట్ల ఏండ్ల అవతలకు పోయి, ఎర్రబడి చల్లారిపోతున్న సూర్యుణ్ణి చూసి, అదే రోజు సాయంత్రం భోజనం వేళకు ఇంటికి తిరిగివస్తాడు. జేబులో వీనా పెట్టిన రెండు వాడిన తెల్లపూలు తప్ప ఆయన వద్ద వేరే రుజువు లేదు. మళ్ళీ యంత్రం ఎక్కి వెళ్ళినవాడు మరి తిరిగి రాలేదు.

ఇంత కథలోనూ ఆయన మన కాలం కన్నా వెనక్కు పోయినట్టు వెల్స్ ఎక్కడా చూపించలేదు. సింగీతంగారు చేసిన పెద్ద మార్పు ఇదే. సినిమాలో కృష్ణకుమారూ, హేమా, వాళ్ళతో ఒక పోలీసు జవానూ కలిసి యంత్రంలో 1526కు పోతారు. అక్కడ రాయలవారూ, తెనాలి రామకృష్ణుడూ దర్శనమిస్తారు. తరవాతగాని 2504వ సంవత్సరానికి వెళ్ళరు. ఈ మార్పు నాకు చాలా ఇష్టం. యంత్రమంటూ ఒకటి దొరికితే తెలుగు పిల్లవాడు ముందుగా వెళ్ళేది రాయలవారి సభకే గాని, 8 లక్షల ఏండ్ల అవతలకు కాదు. పైగా సింగీతంగారు కుర్రతనంలో కె. వి. రెడ్డిగారి వద్ద "మాయాబజార్" (1957) చిత్రానికి పనిచేసినవారు. ఆ చిత్రంలో శశిరేఖ తల్లి రేవతి గుర్తున్నదా? భాగవతంలో ఈ రేవతి కథ ఉంది. ఆమె తండ్రి తన బిడ్డకు తగిన వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకం వెళ్ళి, అక్కడ పాట ముగిసేదాకా ఆగాడట. ఆ కాసేపటిలో భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. తిరిగివచ్చాక ఆమెను బలరాముడికిచ్చి పెళ్ళి చేశారు. కనక కాలప్రయాణం మనకు వెల్స్ నేర్పిన విద్య కాదు. మీట ఉన్న యంత్రం మాత్రం ఆయనదే.

ఇంకొక తమాషా. వెల్స్ పుట్టినది 1866 సెప్టెంబరు 21న. సింగీతంగారు పుట్టినది 1931 సెప్టెంబరు 21న. ఇది కాకతాళీయమే, దీనికి అర్థం వెతకవద్దు.

సినిమాలో ఒకటి మటుకు నాకు నప్పలేదు. వెల్స్ యంత్రం కాలంలో పోతుందే గాని స్థలం మారదు. ఆయన ఈ నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, మోర్లాకులు యంత్రాన్ని పచ్చిక మీదినుంచి ఈడ్చి, ఒక రాతి విగ్రహం పీఠంలో దాచుతారు. కాలయాత్రికుడు తిరిగి ఇంటికి వచ్చేసరికి యంత్రం ప్రయోగశాలలో సరిగ్గా అంతే దూరం జరిగి, రెండో మూల గోడ దగ్గర ఉంటుంది! చదివినప్పుడు నేను ఆ పేజీని రెండుసార్లు చదివాను. మరి హైదరాబాదులో ఎక్కిన యంత్రం 1526లో విజయనగర రాజ్యంలో ఎలా దిగింది? హంపీ ఇక్కడికి 300 కిలోమీటర్ల పైచిలుకు.

వెల్స్ నియమం ప్రకారం బోరబండలో ఎక్కి 1526కు పోయామనుకుందాం. ఏమి కనిపిస్తుంది? హైదరాబాదు కనిపించదు. అది 1591లోగాని పుట్టలేదు. చార్మినారూ అప్పటిదే. ఇక్కడికి పది కిలోమీటర్లలోపునే ఉన్న గోలకొండలో సుల్తాన్ కులీ రాజ్యం చేస్తుంటాడు. మనం దిగిన చోట మాత్రం రాళ్ళు, తుప్పలు. బోరబండ పేరులోని బండ మీకు తెలుసు గదా? ఈ చుట్టుపక్కల ఇళ్ళ మధ్య ఇప్పటికీ తలలెత్తుకుని ఉన్న నల్లరాతి గుండ్లు 250 కోట్ల ఏండ్ల నాటివి. ఆ వయసునంతా కుదించి ఒక్క రోజుగా లెక్కపెడితే, వెల్స్ కథలో దూకిన 8 లక్షల ఏండ్లు అర నిమిషానికి కూడా రావు. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఈ లెక్కలో అది రెప్పపాటు కాలం కూడా కాదు. సినిమా తీసిన 1991లో అక్కడ కూడా రాళ్ళే. 2504ను చూపించినవారికి ఏడేండ్ల తరవాత రాబోయేది కనిపించలేదు. కనిపించలేదని నేను వారిని తప్పు పట్టటం లేదు సుమా.

స్థలం మారకూడదన్న వెల్స్ నియమంలోనూ ఒక చిక్కు ఉంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. ఉన్నచోటనే ఉండి గంట ముందుకు దూకితే, మన కాళ్ళ కింది భూమి లక్ష కిలోమీటర్ల అవతలకు వెళ్ళిపోయి ఉంటుంది. వెల్స్ దీనిని పట్టించుకోలేదు. కథ చెప్పేవాడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండవలసినదే.

వెనక్కు పోయే మార్గం సైన్సుకు ఇంతవరకు దొరకలేదు. ముందుకు మాత్రం కొద్దిగా పోవచ్చు. నవల వచ్చిన పదేండ్లకు, 1905లో, ఐన్‌స్టైన్ వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందన్నాడు. 1971లో హఫేలె, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అణుగడియారాలను మామూలు ప్రయాణీకుల విమానాలలో పెట్టుకుని భూమిని చుట్టివచ్చారు. తూర్పుగా తిరిగివచ్చిన గడియారం ఇంటి దగ్గర ఉన్నదానికన్నా వెనకబడింది. ఎంత అనుకున్నారు? సెకనును కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా కాదు. ఆ గడియారం అంతమేరకు భవిష్యత్తులో దిగిందన్నమాట.

ఇక అసలు వాదం. సినిమాలో 2504 నాటి జనం భూమి కింద బతుకుతుంటారు. నవలలోనూ భూమి కింద జనం ఉన్నారు. కాని కారణం వేరు. సినిమాలో ప్రపంచయుద్ధం జరిగి, నేల మీద అణుధార్మికత నిండిపోయింది, అందుచేత అందరూ కిందికి పోయారు. అప్పటికి చెర్నోబిల్ ప్రమాదం జరిగి ఐదేండ్లే అయింది గనక ఆ భయం సహజం. ఈ నవలనే జార్జ్ పాల్ అమెరికాలో 1960లో సినిమా తీశాడు. అందులో కూడా మనుషులు రెండు తెగలుగా చీలటానికి యుద్ధమే కారణం. 2002లో వెల్స్ మునిమనవడు సైమన్ వెల్స్ మళ్ళీ తీశాడు. అందులో చంద్రుడు పగిలి ముక్కలు మీద పడతాయి.

చూశారా? మూడు సినిమాలూ మూడు దేశకాలాల అభిరుచికి తగినట్టు తీసినవే, కాని మూడూ ఒక్కచోటనే పుస్తకాన్ని వదిలేశాయి. వెల్స్ కథలో ఎవరూ బాంబు వెయ్యలేదు. చంద్రుడు పగలలేదు. ఉన్నవాళ్ళు ఎండా, గాలీ, తోటలూ తమకు ఉంచుకున్నారు. పనిచేసేవాళ్ళను కొద్దికొద్దిగా కిందికి నెట్టారు. అలా కొన్ని లక్షల ఏండ్లు జరగగా ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టలేని జాతులైపోయారు. కాలయాత్రికుడు ఊహించుకున్న కారణం ఇది. వెల్స్‌కు ఈ సంగతి పుస్తకాలలో దొరకలేదు. ఆయన తల్లి అప్‌పార్క్ అనే గొప్పవాళ్ళ మేడలో నౌకర్ల మీద అజమాయిషీ చేసే పనిలో ఉండేది. ఆ మేడలో నౌకర్ల గదులు నేలమాళిగలో. వంటశాల నుంచీ, గుర్రాలసాల నుంచీ సొరంగాలున్నాయి. వెల్స్‌ను చిన్నతనంలోనే బట్టల కొట్టులో పనికి పెట్టారు.

ఈ భాగం చెప్పుతున్నప్పుడు మా పక్కవాటా అమ్మాయి, ఏడో తరగతి, అంతవరకు కిమ్మనకుండా విన్నది, హఠాత్తుగా అన్నది:

"మా నాయన సెల్లార్ల పని చేస్తడు తాతా. మరి మా నాయన మోర్లాకా?"

బోరబండ స్టేషనులో రైలెక్కితే తరవాతి స్టేషనే హైటెక్ సిటీ. ఆమె తండ్రి అక్కడ ఒక ఆఫీసు భవనం కింద, మూడో సెల్లారులో, కార్లు నిలిపించే పని చేస్తాడు. పొద్దు పొడవకముందు వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. ఆమె తల్లి పై అంతస్తులలో అద్దాలు తుడుస్తుంది.

తతిమ్మా పిల్లలు నవ్వబోయి ఆగిపోయారు. నేను వెంటనే కాదనవచ్చు. కాని అంత తేలికగా కొట్టిపారెయ్యవలసిన ప్రశ్న కాదది. ఒక పక్క నవలలో మోర్లాకులు భయంకరులు. మరొక పక్క, వాళ్ళ కథ నౌకరు తల్లి కన్న బిడ్డ రాశాడు. అందుచేత వెల్స్ తల్లి సంగతి, సొరంగాల సంగతి, బట్టల కొట్టు సంగతి అంతా చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆలోచించింది.

"ఆ బండి గుంజుకపోయిన్రన్నవు గద, దాన్ని ఏం చేసిన్రు?"

నవల తీసి చూపించాను. మోర్లాకులు దాన్ని విరగ్గొట్టలేదు. శుభ్రంగా తుడిచి, నూనె పెట్టి ఉంచారు. కాలయాత్రికుడు ఆ సంగతి గమనిస్తాడు, గమనించి తన దారిన తాను పోతాడు.

"అయితే ఆ బండి సంగతి తెలిసినోళ్ళు కిందోళ్ళే గద! పైనోళ్ళకు దాన్ని చూడాలన్న ధ్యాసే లేదు. మా నాయనకు గూడ ఏ కారు చప్పుడు ఎట్లుంటదో తెలుస్తది," అన్నది ఆమె.

మూడు సినిమాలు తీసినవారిలో ఎవరైనా ఈ ఒక్క సంగతిని పట్టుకుని ఉంటే, మోర్లాకుల వైపునుంచి కూడా ఒక కథ చెప్పి ఉండేవారేమోనని నాకు అనిపిస్తుంది. కాలయంత్రాన్ని చేసినవాడొకడు, ఎక్కినవాడొకడు. దాన్ని తుడిచి నూనె పెట్టినవాళ్ళ పేర్లు నవలలోనూ లేవు.

ఆ అమ్మాయి నవలను నా దగ్గర తీసుకుపోయింది. చిన్న పుస్తకమే గాని, పాత ఇంగ్లీషు గనక రోజుకు రెండు పేజీల కన్నా సాగటం లేదు. అర్థం కాని మాటలను నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసుకుని, ఆదివారంనాడు తెచ్చి అడుగుతుంది. ప్రస్తుతం పచ్చ పింగాణీ మేడ దగ్గరికి వచ్చింది. అది పాడుబడిన మ్యూజియం. అందులో పుస్తకాలన్నీ చివికి పేలికలైపోయాయి. కాలయాత్రికుడికి పనికివచ్చే ఒక అగ్గిపెట్టే, మూత బిగించిన సీసాలో కర్పూరం గడ్డా అక్కడ దొరుకుతాయి. పోయిన ఆదివారం ఆమె వచ్చి, మన దేవుడి గూట్లో పెట్టే కర్పూరం 8 లక్షల ఏండ్లు సీసాలో ఆవిరైపోకుండా ఉంటుందా అని అడిగింది. చిన్న సీసాలో ఒక బిళ్ళ వేసి, మూతకు మైనం పూసి, తేదీ రాసి, మా అలమారలో పెట్టాము. పక్కనే మూత లేని సీసాలో రెండో బిళ్ళ ఉంది. మీరూ పెట్టి చూడండి.