మొదటి ప్రమాద హెచ్చరిక

పోయిన నెల రాజమండ్రి వెళ్ళినప్పుడు మా కాలేజీ సార్ ఫోన్ చేసి, "ఫైనలియర్ పిల్లలకి సాఫ్ట్ స్కిల్స్ మీద ఓ గంట చెప్పి వెళ్ళరా" అన్నారు. నేనా! నవ్వొచ్చింది.

మా రోజుల్లో సాఫ్ట్ స్కిల్సంటే ఇంగ్లీషు ల్యాబు, ఇంటర్వ్యూకి బట్టీ పట్టిన జవాబులు, గ్రూప్ డిస్కషన్లో గట్టిగా అరవడం. అంతే. అవన్నీ పాసయ్యే ఉద్యోగంలో చేరాను. మొదటి ప్రాజెక్టులో నాకిచ్చిన పని నావల్ల కాదని మూడో రోజుకే తెలిసిపోయింది. అడిగితే ఏమనుకుంటారో అని "అయిపోవచ్చింది" అంటూ రెండు వారాలు నెట్టుకొచ్చాను. నిద్ర లేదు, తిండి సయించదు. డెలివరీ ముందురోజు బయటపడింది. టీమంతా తెల్లార్లూ కూర్చున్నారు. మా లీడ్ ఒక్కటే అన్నాడు: "మొదటివారంలో చెప్పుంటే అరగంట పని కదా!"

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లోనే చెప్పిన పది జీవన నైపుణ్యాల్లో చక్కగా మాట్లాడటం, ఒత్తిడిని తట్టుకోవడం వేర్వేరుగా ఉంటాయి. నాకు మాత్రం ఆ రెండూ ఒకటే అని ఆ రాత్రే అర్థమైంది.

పిల్లలకి ఇదంతా చెప్పి, మన గోదారినే ఉదాహరణగా చూపించాను. వరదొస్తే ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారు. రెండోది 13.75కి, మూడోది 17.75కి. ఊళ్ళు మునిగాక కాదు. ముందే తెలిస్తేనే కదా లంకల్లో వాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కేది!

అయిపోయాక వెనక బెంచీ కుర్రాడొకడు ఆగాడు. "నాలుగు బ్యాక్‌లాగులున్నాయండి. ఇంట్లో తెలీదండి."

"ఎన్ని అడుగులుంది?" అన్నాను.

"పదమూడు దాటిందండి."

"అయితే ఈ రాత్రికే చెప్పెయ్."

చెప్పాడో లేదో మరి. నెంబరు తీసుకోవడం నేనే మర్చిపోయాను.