రాతిలోకి దిగిన వాన

ఎల్గాల్ రేవులో పడవ ఎక్కినవాళ్లంతా సీల్ జంతువుల కోసం కెమెరాలు తీశారు. నేను రాళ్లు చూడ్డానికి వచ్చానంటే పడవాయన నవ్వి, "వాటికిక్కడ కరువు లేదు" అన్నాడు. స్కాట్లండ్ పడమటి తీరంలోని స్కై దీవి అది. దిగి కాస్త నడిస్తే కొరూస్క్ సరస్సు. దాని వెనక నల్లటి కూలిన్ కొండలు, సగం మబ్బులోనే.

ఆ కొండలు గాబ్రో. సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట నేల లోపలే చల్లారిన శిలాద్రవం. తడిసినా జారదు, గరుకు కాగితంలా బూటును పట్టేస్తుంది. మధ్యలో పగుళ్లలోకి చొరబడి గడ్డకట్టిన బసాల్ట్ పలకల (డైకుల) మీదే జాగ్రత్తగా నడవాలి. దిక్సూచినీ నమ్మకూడదు, రాతిలోని మాగ్నటైట్ ముల్లును లాగేస్తుంది.

నన్ను అక్కడికి రప్పించింది ఆక్సిజన్. రాతి బరువులో దాదాపు సగం అదే. ప్రతి 500 ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారుగా ఒకటి బరువైన ఆక్సిజన్-18. శిలాద్రవం గడ్డకట్టేటప్పుడు ఖనిజాలు దాన్ని సమానంగా పంచుకోవు. క్వార్ట్జ్‌కు ఎక్కువ, తర్వాత ఫెల్డ్‌స్పార్, ఆపైన పైరాక్సీన్, అన్నిటికన్నా తక్కువ మాగ్నటైట్‌కు. అంత వేడిలో ఈ తేడాలు వెయ్యికి కొద్ది పాళ్లే, కానీ వరస మాత్రం తప్పదు.

కూలిన్‌లో తప్పింది! ఇక్కడి గాబ్రోల్లో ఫెల్డ్‌స్పార్ పైరాక్సీన్ కన్నా తేలికగా తేలింది, అంటే దానిలోనే ఆక్సిజన్-18 తక్కువ. టేలర్, ఫారెస్టర్ అనే శాస్త్రజ్ఞులు 1971లో కారణం చెప్పారు: వాన. చుట్టూ ఉన్న లావా పొరల పగుళ్లలోకి ఇంకిన వాననీరు శిలాద్రవం వేడికి కాగి, పైకీ కిందికీ తిరిగింది. వాననీటిలో ఆక్సిజన్-18 తక్కువ. ఫెల్డ్‌స్పార్ ఆ నీటితో తన ఆక్సిజన్‌ను ఇట్టే మార్చుకుంది, పైరాక్సీన్ మొండికేసింది. నిప్పులో పుట్టినదని కంటికి రూఢిగా కనిపించే రాయిలో ఇంత నీటిపని జరిగిందంటే, ఆక్సిజన్ రకాలను కొలిచే స్పెక్ట్రోమీటర్ లెక్క చూడకపోతే నేనైతే నమ్మేవాణ్ని కాదు. చేతిలోని ముక్కలో తెల్లగా మసకబారిన ఫెల్డ్‌స్పార్ తప్ప వేరే ఆనవాలు లేదు.

మర్నాడు స్లిగాచన్ లోయలో నడిచాను. కుడివైపు నల్ల గాబ్రో, ఎడమవైపు గుండ్రటి ఎర్ర గ్రానైట్ కొండలు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ కూడా ఉంటుంది, అది ఇంకా మొండిది, వేడినీటికి అంత సులువుగా లొంగదు. అందుకే ఇలాంటి చోట్ల క్వార్ట్జ్ కూడా తేలికగా తేలితే శాస్త్రజ్ఞులు తర్వాత వచ్చిన నీటిని కాదు, శిలాద్రవాన్నే అనుమానిస్తారు: అంతకుముందే వాన తాగిన రాళ్లు కరిగి అందులో కలిశాయేమోనని.