తెర మీది కన్నీరు, పొరుగువారి కన్నీరు



వారాంతపు విహారయాత్ర అనే మాట సంఘ కాపరి ఇంట్లో అంతగా వినబడదు. అందరికీ సెలవైన ఆదివారమే మాకు నిండు పని దినము. అయినా పిల్లల పరీక్షలు ముగిసిన తరువాత, శనివారం రాత్రికి తిరిగి ఇల్లు చేరాలనే షరతు మీద, గుడివాడ నుండి బందరు మీదుగా దివిసీమ దాకా కుటుంబ సమేతంగా వెళ్ళి వచ్చాము. ఆ రెండు దినములలో చూచినవి, విన్నవి, తలంచినవి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బయలుదేరుటకు ముందు వారమే మా యౌవనస్థుల కూడికలో ఒక కుర్రవాడు లేచి, "అయ్యగారూ, మనం సినిమా చూడవచ్చా, చూడకూడదా? ఒక్క మాటలో చెప్పండి" అని అడిగాడు. "ఇది ఒక్క మాటలో తేలేది కాదు బాబూ, వచ్చే వారం కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను. ఆ ప్రశ్న కూడా మాతోపాటే బండి ఎక్కింది.

గుడివాడ ప్రాంతంలో ఉంటూ సినిమా మాట ఎత్తకుండా ఉండటం కష్టమే. నందమూరి తారక రామారావుగారు 1923లో పుట్టిన నిమ్మకూరు ఇక్కడికి దగ్గరే. అక్కినేని నాగేశ్వరరావుగారి స్వగ్రామం గుడివాడ ప్రక్కనే ఉన్న రామాపురం. కుర్రతనంలో నాటకాలలో ఆడవేషాలు కట్టిన ఆయన, ఆ నాటకాల నుండే సినిమాలకు వెళ్ళారు. 1922లో ఘంటసాలగారు పుట్టిన చౌటపల్లి కూడా ఇటువైపుదే. మా బండి గుడ్లవల్లేరు దాటి కవుతరంలో ఆగినప్పుడు, 2022లో కన్నుమూసిన కైకాల సత్యనారాయణగారి ఊరు ఇదేనని పిల్లలకు చెప్పాను. అమ్మాయి ఫోను నుండి తలెత్తి ఒకసారి చూచి, మరల తల దించుకుంది. అబ్బాయి చేతిలో వాళ్ళమ్మ ఫోను. ఎదుటి బల్ల మీద కూర్చున్న నలుగురూ నాలుగు ఫోనులలో నాలుగు వేర్వేరు బొమ్మలు చూస్తున్నారు. నా చిన్నప్పుడు వీధిలో ఒక్క టీవీ ఉండేది. ఆదివారం సాయంత్రం దాని ముందు వీధి అంతా కూర్చునేది. ఆ రోజులే మంచివని చెప్పటం లేదు. ఒకరు నవ్వితే ప్రక్కవారికి తెలిసేది, అంతే.

బందరులో దిగాము. తెలుగు సినిమాకు పితామహుడని పేరుపొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు పుట్టిన ఊరు ఇది. ఆయన కుమారుడు ప్రకాష్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తోనే తెలుగువారి సినిమా మొదలయిందని చెబుతారు. ఆ సాయంకాలం మంగినపూడి తీరానికి వెళ్ళాము. అక్కడ తెల్లని ఇసుకకు బదులు నల్లమట్టి ఉంటుంది. పిల్లల కాళ్ళు మోకాళ్ళ దాకా నల్లగా అయ్యాయి. తిరిగి వస్తూ తొక్కుడు లడ్డు కొనకుండా బందరు దాటిన వాడెవడు? మేమూ దాటలేదు.

ఆ రాత్రి మా బావగారి ఇంట్లో బస. భోజనాలయిన తరువాత అందరం కలిసి '35 - చిన్న కథ కాదు' అనే సినిమా చూచాము. 2024లో వచ్చిన చిత్రమది. తిరుపతిలో ఒక బస్సు కండక్టరు కుటుంబం. పెద్ద కుమారునికి లెక్కలు రావు. రావనటం కంటె, సున్నకు విలువ లేదంటారు గదా, మరి ఒకటి ప్రక్కన పెడితే పది ఎలా అవుతుంది అని అడిగే రకం. మాస్టారు వానిని జీరో అని పిలుస్తాడు. బడిలో నిలవాలంటే 35 మార్కులు రావాలి. పెద్దగా చదువుకోని తల్లి తానే లెక్కలు నేర్చుకొని కుమారునికి నేర్పుతుంది. ఇంతే కథ. కొట్లాటలు లేవు, వెకిలి మాటలు లేవు. నా భార్య కళ్ళు తుడుచుకుంది. మా బావగారు మాత్రం కళ్ళలో ఏదో నలుసు పడిందన్నారు.

సినిమా అయిన తరువాత ఇంటర్ చదివే మా అమ్మాయి ఒక మాట అన్నది. "నాన్నా, మన వెనక వీధిలో పదో తరగతి లెక్కల్లో తప్పిన అబ్బాయి ఉన్నాడు గదా. వాడు బయటకు రావటమే మానేశాడు. వాళ్ళ నాన్న అందరి ముందూ వాడిని మొద్దు అని పిలుస్తాడు." ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ కుటుంబం మా సంఘం వారు కారు. ఆ ఇంటి మీదుగా నేను రోజూ వెళ్తుంటాను గాని, ఆ అబ్బాయి సంగతి అప్పుడే నా చెవిని పడింది.

మరునాడు శనివారం తెల్లవారగానే బస్సులో చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ దారి పట్టాము. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. అక్కడి అక్విడక్టు చూడవలసినదే. క్రింద నది పారుతుంది, దాని మీదుగా కట్టిన తొట్టిలో కాలువ నీరు అవతలి పొలాలకు వెళ్తుంది. నది మీద కాలువ ప్రయాణం చేయటం మా అబ్బాయికి సముద్రం కంటె వింతగా తోచింది. అక్కడి నుండి కోడూరు మీదుగా హంసలదీవికి వెళ్ళి, కృష్ణమ్మ సాగరంలో కలిసే చోటు దూరం నుండి చూచాము. మడ అడవులు, ఇసుక, గాలి. ఎంత ప్రశాంతమైన చోటు!

ఆ ప్రశాంతతను నమ్మలేని వారు ఇంకా అక్కడ ఉన్నారు. 1977 నవంబరు 19. అది కూడా శనివారమే. ఆ సాయంకాలం తుపాను తీరం దాటినప్పుడు అయిదారు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిపడింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. అంతకంటె చాలా ఎక్కువేనని అక్కడివారు నేటికీ అంటారు. మరునాడు ఆదివారం. తీరపు ఊళ్ళలో ఆరాధనకు గంట కొట్టడానికి ఎవరు మిగిలి ఉంటారని తలంచుకుంటే నాకు నోట మాట రాలేదు.

కోడూరు దగ్గర ఒక విశ్వాసుల ఇంట్లో మధ్యాహ్న భోజనం చేశాము. ఆ ఇంటి పెద్దావిడకు ఉప్పెన నాటికి ఇరవై ఏళ్ళు దాటాయట. ఆ దినముల గురించి ఎక్కువ చెప్పలేదు, మేమూ ఎక్కువ అడగలేదు. ఆ తరువాత కొంత కాలానికి తమ ఊరిలో తెల్లగుడ్డ కట్టి 'కరుణామయుడు' చూపించారని మాత్రం చెప్పింది. విజయచందర్‌గారు యేసుప్రభువుగా నటించిన ఆ సినిమా 1978 డిసెంబరులో, అంటే ఉప్పెన వచ్చిన మరుసటి ఏటనే విడుదలయింది. తరువాత ఎన్నో గ్రామాలలో ఆరుబయట ప్రదర్శించారు. ఆమె అన్నది: "బొమ్మలో ఏం చూశామో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదండి అయ్యగారూ. నా పక్కన ఎవరు కూచున్నారో మాత్రం బాగా గుర్తు. ఇద్దరు పిల్లల్ని నీళ్ళలో పోగొట్టుకున్న మనిషి. బొమ్మ అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు. నేనూ వదల్లేదు."

ఇంకొక సంగతి కూడా ఆ ఇంట్లో మాటల్లో వచ్చింది. ఉప్పెన తరువాత రామారావుగారు, నాగేశ్వరరావుగారు తోటి నటీనటులతో కలిసి ఊరూరా తిరిగి, జోలె పట్టి దివిసీమ కొరకు విరాళాలు ప్రోగుచేశారు. తెర మీద రాజులుగా, ప్రేమికులుగా చూచిన మనుష్యులు వీధిలోకి వచ్చి చేయి చాచితే జనం తమ దగ్గరున్నది ఇచ్చారు. వారిని చూడాలనే ఆశతోనే జనం వచ్చారు. అయితే ఆ ఆశ తీరం దాకా బియ్యంగా, బట్టలుగా ప్రవహించింది.

దానికి ప్రక్కన ఈ కాలపు సంగతి ఒకటి పెట్టి చూడండి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులోని సంధ్య థియేటరు వద్ద 'పుష్ప 2' ముందస్తు ఆటకు వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణం విడిచింది. ఆమె చిన్న కుమారునికి తీవ్రమైన అపాయం కలిగింది. వచ్చిన వారెవరూ చెడు తలంపుతో వచ్చిన వారు కారు. అభిమానంతో వచ్చినవారే. అయినా ప్రక్కన పడిన మనిషి చాలామందికి కనబడలేదు. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెలలో తెర కట్టుకొని ఊరంతా కలిసి చూచింది కూడా అభిమానం చేతనే. ఒక ముసలాయన మరణం తరువాత ఇంటివారి పంతాల కథ అది. చూచి ఏడ్చిన వారిలో మాటలు లేని అన్నదమ్ములు మరల మాట్లాడుకున్నారని పత్రికలలో చదివాము.

నీరు ఒక్కటే. కట్టలు తెంచుకొని వచ్చిన నీరు దివిసీమను ముంచింది. కాలువ త్రవ్వి పంపిన నీరు అదే దివిసీమకు అన్నం పెడుతోంది. మన నవ్వు, మన కన్నీరు కూడా అటువంటివే. ప్రభువు కానా ఊరి పెండ్లి విందుకు వెళ్ళారు గదా. సంతోషించుట పాపమని ఆయన అనుకోలేదు. ఆ యింట ఏమి కొరవడిందో కూడా ఆయన పట్టించుకున్నారు.

కాబట్టి తరువాతి వారం కూడికలో ఆ కుర్రవానికి నేను ఇలా చెప్పాను: "బాబూ, ఇంటిల్లిపాదితో కూర్చుని చూడలేనిది ఒంటరిగానూ చూడవద్దు. ఇది మొదటిది. చూచిన తరువాత, ఆ కథలోని మనిషి లాంటివాడు నా వీధిలో ఎవరున్నారని అడుగు. ఇది రెండవది. రెండవ ప్రశ్నకు ఎన్నడూ జవాబు దొరకకపోతే, ఆ సినిమాల వలన నీకు కలిగిన మేలు ఏమిటో నీవే ఆలోచించు." అతడు తృప్తిపడ్డాడో లేదో తెలియదు. "అయితే చూడవచ్చు అన్నమాట" అని ప్రక్కవాడు గుసగుసలాడటం నాకు వినబడింది!

ప్రియ తల్లిదండ్రులారా, పిల్లల చేతుల్లోంచి ఫోను లాగివేయటం సులభమే. వారితో కూర్చుని చూచి, చూచినదాని గురించి మాట్లాడటం కొంచెం కష్టం. వారానికి ఒక్కసారైనా ఆ కష్టం పడండి. టికెట్టుకు పెట్టినంత సొమ్ము పొరుగువారి అవసరం కొరకు కూడా ప్రక్కన పెట్టండి.

వెనక వీధి అబ్బాయి ఇప్పుడు సాయంత్రాలు మా ఇంటి వరండాలో మా అమ్మాయి దగ్గర లెక్కలు చెప్పించుకుంటున్నాడు. మొదటి వారం తలెత్తలేదు. మొన్న వాళ్ళ నాన్నే వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "మావాడు ఎలా చేస్తున్నాడండీ?" అని అడిగాడు. మొద్దు అనలేదు. మావాడు అన్నాడు.