కొవ్వొత్తి ముగ్గు

మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్తూ వదిలేసిన వాటర్ కలర్ బిళ్ళల డబ్బా, దసరాకి ఇల్లు దులుపుతుంటే దొరికింది. పన్నెండింటిలో నీలం, నలుపు అరిగిపోయాయి. మిగతావి కొత్తవే. పారేయడానికి చెయ్యి రాలేదు.

మొదటి బొమ్మ దాని పాత రికార్డు పుస్తకం కాగితం మీద వేశాను. నీళ్ళు తగలగానే అప్పడంలా వంకర్లు పోయింది. ఇంకోసారి రుద్దితే పొట్టు లేచింది. 300 జీఎస్ఎం కాగితం కొన్నాక గానీ తప్పంతా నా చేతిది కాదని తెలియలేదు.

తొందర మాత్రం నాదే. సగం ఆరిన రంగు మీద నీళ్ళ కుంచె పెడితే కాలీఫ్లవర్‌లా మరక విచ్చుకునేది. పాలు పొంగేలోపు నాలుగు పనులు చేసుకునే మనిషిని, ఆరేదాకా చేతులు కట్టుకు కూర్చోమంటే ఎలా?

ఇంతకీ నేను వేయాలనుకున్నది మా పుట్టింటి వాకిలి. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక అమ్మ మా ఫ్లాట్‌కి వచ్చేసింది. ముగ్గు వేసి రెండేళ్ళయింది. మా గుమ్మం ముందున్న స్టిక్కరు ముగ్గుని దాటుతుంది తప్ప చూడదు.

కళ్ళాపి రంగు బాగానే కుదిరింది. చిక్కంతా ముగ్గుతోనే. ఈ రంగుల్లో ముదురు మీద తెలుపు నిలవదు, తెల్లగా ఉండాల్సినచోట కాగితాన్నే వదిలేయాలి. ముప్ఫై ఏళ్ళుగా నేల మీద తెలుపు పెట్టిన చేతికి, ఇప్పుడు తెలుపు వదిలి చుట్టూ నేల వేయడం! అన్ని మెలికల చుట్టూ కుంచె తిప్పడం నా వల్ల కాలేదు. చివరికి కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి ముక్కతో గీశాను. మైనం ఉన్నచోట రంగు అంటదు. కానీ తెల్ల కాగితం మీద తెల్ల మైనం, ఎక్కడ గీశానో నాకే కనబడదు. అంచనాగా ఏడు చుక్కలు, సందు చుక్కలు నాలుగు వచ్చేదాకా పెట్టి, మెలికలు తిప్పి, పైన కళ్ళాపి రంగు పూశాను. ముగ్గు తేలింది! వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆరాక అమ్మ ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు తెమ్మంది. అరుగు బాగుందనలేదు, పారిజాతం బాగుందనలేదు. వేలితో వరసలు లెక్కపెట్టింది.

"ఈ నడిమి వరసలో ఆరే ఉన్నాయేమే? అందుకే ఇక్కడ మెలిక తెగింది."

"కొవ్వొత్తితో గీశానమ్మా. కనబడలేదు."

"ధనుర్మాసంలో చీకటితో లేచి వేసేదాన్ని, నాకేం కనబడేదని? ఏదీ, ఆ కొవ్వొత్తి, ఇంకో కాగితం ఇలా ఇయ్యి."

కుర్చీ దగ్గరికి టీపాయ్ జరిపాను.