శాకాహార రూబెన్

అమెరికాలోని 'డెలీ' దుకాణాల పేరు జర్మను భాషకు చెందిన 'డెలికటెసెన్' నుండి వచ్చింది. రుచికరమైన పదార్థాలని దాని అర్థం. అక్కడ దొరికే వేడి సాండ్‌విచ్‌లలో రూబెన్ సుప్రసిద్ధం. ఇది ఓమహాలోని బ్లాక్‌స్టోన్ హోటలులో పుట్టిందని కొందరు, న్యూయార్కులోని రూబెన్స్ రెస్టారెంటులో పుట్టిందని కొందరు వాదిస్తారు. మన కవుల జన్మస్థల వివాదాలు ఎరిగినవారికి ఇది వింత కాదు.

రై రొట్టె, ఉప్పునీటిలో ఊరిన గోమాంసం, స్విస్ చీజు, పులిసిన క్యాబేజీ, రష్యన్ డ్రెస్సింగు - ఈ అయిదూ దాని అంగాలు. రెండవదాని పేరు వింటే మా వంటివారు విస్తరి ముందు నుండి లేచిపోతారు. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట నేనున్న రోజులలో, పదమూడేళ్ల మనవడు దానిని బయట తిని, కారుషెడ్డు వైపు నుండి వచ్చి, చేతులు కడుక్కొని కాని నా యెదుట పడేవాడు కాడు. వాడు తినడం కంటె దాచడం నన్ను ఎక్కువ బాధించింది.

ఒకనాడు పిలిచి, "మాంసం లేకుండా మనమే చేద్దామా, నాన్నా?" అన్నాను.

"నీకు కోపం లేదా, తాతయ్యా?" అన్నాడు.

మొదట క్యాబేజీ. కిలో తరుగుకు 20 గ్రాముల ఉప్పు వేసి, నీరూరే దాకా పిసికి, ఆ నీటిలోనే మునిగేటట్లు జాడీలో కూరాము. వెనిగరు అక్కరలేదు. మన ఇడ్లీపిండిని పులియజేసే సూక్ష్మజీవులలో ఒకటైన ల్యూకోనాస్టాకే దీనికీ మొదట పులుపు పుట్టిస్తుంది. మూడు వారాలు పట్టింది. రోజూ జాడీ చూసే వేళ 'ఊరు' అనే ధాతువును వాడికి చెప్పాను. ఊట, ఊరగాయ, నోరూరుట - అన్నిటినీ వాడు కాగితం మీద వ్రాసుకొన్నాడు.

మాంసానికి బదులు పుట్టగొడుగులను మిరియాలు, ధనియాల పొడితో తడి ఇంకేదాకా వేయించాము. పశువుల రెన్నెట్ లేని చీజును పొట్లం చదివి ఎంచాము. గుడ్డు లేని మయొనైజులో టొమాటో కెచప్పు, ఘాటుకు కాస్త హార్స్‌రాడిష్ కలిపితే డ్రెస్సింగు సిద్ధం. క్యాబేజీని గట్టిగా పిండాలి, లేకుంటే రొట్టె నానిపోతుంది. రెండు ముక్కలకూ లోపల చీజు, వెలుపల వెన్న. సన్నని సెగ మీద, పైన బరువు పెట్టి, రెండు వైపులా ఎర్రగా కాల్చాలి.

చిత్రమేమిటంటే, న్యూయార్కు డెలీలకు అంత పేరు తెచ్చినవారు యూదులు. మాంసంతో పాలపదార్థం కలపరాదన్నది వారి ఆహారనియమం. అసలు రూబెన్ దానికి విరుద్ధం. మాంసం తీసివేసిన మా రూబెన్‌కు ఆ దోషం లేదు.

"అసలుదానిలా లేదు, తాతయ్యా," అన్నాడు మనవడు. తరువాత రెండవది అడిగాడు.

వాడు బయట తినడం మానలేదు, మానమని నేను అడగలేదు. నేను తిరుగు ప్రయాణమయ్యే దాకా మాత్రం, తిని వచ్చిన రోజున కూడా ముందు తలుపు నుండే వచ్చాడు.