దాచిన కలములకు సిరా

అరువదియేండ్లు దాటినపిమ్మట మనుష్యునకు తన వస్తువులతోడి సంబంధము మారవలెనని నా విశ్వాసము. యౌవనమున ఆర్జించుటయు, నడివయసున భద్రపరచుటయు ఎంత సహజములో, వార్ధక్యమున అనుభవించుటయు అంత సహజమే. కాని మొదటి రెండింటికి అలవాటుపడిన చేతులు మూడవదానికి తమంతట తాము సాగవు గనుక, దానిని ఒక సంకల్పముగా చేసికొనవలసి యుండును. ఈ యుగాదినాడు నేనట్టి సంకల్పము చేసికొంటిని. మేరీలాండులోని మా యింట బీరువా సొరుగులలో, మెత్తని గుడ్డల మడతలనడుమ, ఏండ్లతరబడి సిరా యెరుగక పడియున్న నా కలములను ఒక్కొక్కదానినే వెలికిదీసి, కడిగి, సిరా పోసి వ్రాయుచున్నాను. ఇందేమి విశేషమని చదువరులకు తోపవచ్చును. ఇంటింటను ఒక బీరువా కలదు. అందులో కట్టని పట్టుచీరయో, తినని వెండికంచమో, విప్పని పుస్తకమో కలదు. కావున ఈ కథ నా యొక్కనిదే కాదు.

దాచు గుణము నాకు మా సీమనుండియే వచ్చినది. పడమట నల్లమల కొండలు గోడ కట్టినట్లు నిలిచిన కొమరోలు ప్రాంతమున వానను నమ్మి ఏ పనియు తలపెట్టరాదు. సజ్జయు, కందియు, ఆముదమును పండిన యేడు పండును, ఎండిన యేడు ఎండును. అందువలన గాదెలోని గింజ మొదలు పెట్టెలోని కొత్తబట్టవరకు దేనినైనను వెంటనే వాడివేయుట మా యిండ్లలో తగని పనిగా నుండెడిది. "అక్కరకు ఉంటది, ఎత్తిపెట్టబ్బీ" అనుట మా అవ్వకు నిత్యము నోటనున్న మాట. ఆ మాటయందు లోభము లేదు. కరవు చూచిన కన్నుల జాగరూకత కలదు. ఆ జాగ్రత్తయే మమ్ము చదివించినది, సముద్రములు దాటించినది. దానిని నేనెన్నడును తక్కువచేసి మాటాడను.

నా చదువు మార్కాపురపు పలకమీద మొదలైనది. ఆ పరిసరములలోని గనులనుండి తీసిన రాతిని పలుచగా చీల్చి, నునుపుచేసి, కొయ్యచట్టములలో బిగించి పంపిన పలకలు దేశమున ఎన్నియో బడులలో పిల్లల ఒడిలోనికి చేరినవి. మాకో, అవి పొరుగూరి సరకు. పలకయందు దాచుకొనుటకేమియు లేదు. బలపముతో వ్రాయుట, తుడుచుట, మరల వ్రాయుట, నలుపు తగ్గినపుడు ఆకుపసరును బొగ్గుపొడిని కలిపి రుద్దుట, ఇంతియే. హైస్కూలు చేరిన తరువాతగాని సిరాకలము చేతికి రాలేదు. ఇంకుబిళ్ళను నీట కరగించి సీసా నింపుకొనువారము మేము. బ్రిల్లు సిరా సీసా తెచ్చినవాడు తరగతికెల్ల శ్రీమంతుడు. పరీక్షనడుమ ఎవని కలమైన ఎండినచో, ప్రక్కవాడు తన కలము మర విప్పి, వాని కలములోనికి లెక్కగా నాలుగు చుక్కలు వంచెడివాడు. ఆ నాలుగు చుక్కలును మరునాడు తీర్చవలసిన ఋణము. కాగితముపై ఒలికిన సిరాను సుద్దముక్కతో అద్దుచు, చొక్కాజేబు మరకకు ఇంట చీవాట్లు తినుచు పెరిగిన నాకు, మంచి కలము అనునది వాడుకొను వస్తువుగా గాక, చేరదగిన ఎత్తుగా మనసున నిలిచిపోయినది.

1979లో గోదావరి పుష్కరములకు పోయిన మా నాయన రాజమహేంద్రవరమునుండి నాకొక రత్నం కలము తెచ్చెను. గట్టిరబ్బరగు నల్లని ఎబొనైటుతో చేసిన దండము, దానిపై చెక్కించిన నా పేరు, బంగారువన్నె పాళీ. "మంచి పనికి వాడుకో" అని చేతిలో పెట్టెను. అటుపిమ్మట కళాశాల పరీక్షలు వచ్చినవి, ఉద్యోగపు దరఖాస్తులు వచ్చినవి, విమానపు ప్రయాణము వచ్చినది. వీనిలో ఏదియు ఆ కలమునకు తగినంత మంచి పనిగా తోపలేదు. అది నాతో సముద్రము దాటి, ఇచ్చట సొరుగున చేరినది.

ఆ రత్నం కలముల చరిత్రయే నాకిప్పుడు మార్గము చూపినది. కె. వి. రత్నంగారు రాజమహేంద్రవరమున 1932లో కలముల తయారీకి పూనుకొనిరి. స్వదేశీ దీక్ష దేశమునంతటిని కదిలించుచున్న కాలమది. వారు పంపిన కలము అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి ద్వారా గాంధీమహాత్మునకు చేరినది. 1935 జూలై 16వ తేదీన వార్ధానుండి మహాత్ముడు రత్నంగారికి వ్రాసిన జాబు బహుక్లుప్తమైనది. కలము నందినదనియు, తాను దానిని వాడి చూచితిననియు, బజారున దొరకు విదేశీ కలములకు అది తగిన ప్రత్యామ్నాయముగా కనబడుచున్నదనియు దాని సారాంశము. ఆ జాబును గూర్చి నేను పలుమారులు చదివితినిగాని, "వాడి చూచితిని" అను అర్థముగల ఆ ముక్క ఈ వయసుననే నా మనసును తాకినది. ఒక పనివానికి ఇంతకన్న గౌరవమేమి కలదు? అద్దాలపెట్టెలో నుంచి మ్రొక్కినచో అది కలమునకు చేసిన పూజ యగునేమో గాని, దానిని మలచిన చేతికి చేసిన మర్యాద మాత్రము కాదు.

అమెరికాకు వచ్చినపిదప నా సేకరణ పెరిగినది. వాషింగ్టను నగర పరిసరములలో ఏటేట ఆగస్టున పెద్ద కలములసంత జరుగును. బల్లలపై బారులు తీర్చిన కలములనడుమ తిరుగుచున్నప్పుడు, ఇంకుబిళ్ళ కరగించుకొన్న బాలుడొకడు నా లోపలినుండి తొంగిచూచెడివాడు. న్యూజెర్సీలోని క్యామ్డెనులో తయారైన ఎస్టర్‌బ్రూకులు, విస్కాన్సినులోని జేన్స్‌విల్లులో పుట్టి 1941లో అంగడికి వచ్చిన పార్కరు 51, పాళీ కొనమాత్రము కనబడి తక్కినదంతయు తొడుగులో దాగియుండు ఆ చక్కని రూపము, ఇవన్నియు అట్లు చేరినవే. సేకర్తలలో ఒక నియమము కలదు: ఒక్కమారైనను సిరా తాకని పాతకలమునకు వెల హెచ్చు, తాకినతోడనే తగ్గును. ఆ నియమమును నేనును చిరకాలము పాటించితిని.

అయితే కాలము ఆ నియమమును పాటింపదు. ఎస్టర్‌బ్రూకు నొకదానిని ఈ వసంతమున విప్పగా, లోపలి రబ్బరు తిత్తి గట్టిపడి, పెళుసై, వ్రేలు తగిలినంతనే పెంకులుగా రాలినది. సిరా యెరుగని కలమే అది; ఐనను వాడిన కలములోని తిత్తివలెనే ముసలిదైనది. సెల్యులాయిడు కలములు బిగుతుగా మూసిన పెట్టెలలో తమనుండి వెలువడు ఆవిరులచేతనే చెడును. ఎబొనైటు వెలుతురును తేమయు తగిలినచో నలుపు మాసి గోధుమవన్నెకు తిరుగును. వాడినచో సంతలో వెల తగ్గుట నిజమే. కాని దాచుటయు ఉచితము కాదు. మరమ్మతు చేయించి, కడిగి, వారమున కొకమారైన వ్రాయుచుండుటకన్న కలమునకు మంచి సంరక్షణ లేదని ఆ పని తెలిసినవారు చెప్పుదురు.

వస్తువుల వృద్ధాప్య మట్లుండ, మనుష్యుల సంగతి మరియొకటి. మా పరిచితులలో ఒక పెద్దాయన జీవితమంతయు తెలుగు పుస్తకములు కొని, అట్టలు వేసి, అలమరల నింపి, ఉద్యోగ విరమణానంతరము చదువుదునని నిశ్చయించుకొనెను. ఆయన పోయినపిమ్మట, తెలుగు లిపి రాని పిల్లలు ఆ పుస్తకములను అట్టపెట్టెల కెత్తి, ఎవరికి ఈయవలెనో తెలియక మమ్ము పిలిచిరి. పిల్లల దోషమిందు లేదు; వారు కన్నీటితోనే సర్దిరి. నాడు ఆ పుటలు తిరుగవేయుచుండగా నాకు మా సీమకు దక్షిణముననున్న కడపయు, 1820లో అచ్చటికి ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌనును జ్ఞప్తికి వచ్చిరి. ఆయన తాళపత్రములను సేకరించినాడనుట సగము మాట. పండితులకు తన సొంత సొమ్ముతో జీతములిచ్చి, ప్రతులను పోల్పించి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. 1829లో వేమన పద్యములను అచ్చువేయించినాడు. 1852లో నిఘంటువు వెలువరించినాడు. చేతబడిన ప్రతిదానిని పనిలో పెట్టుటచేతనే ఆ సేకరణ నిలిచినది. నేడు కడపలో ఆయన బంగళా యున్నచోట ఆయన పేర గ్రంథాలయము నడుచుచున్నది.

మా ప్రాంతమున పుట్టినవారికి ఇంతకన్న దగ్గరి దృష్టాంతము కంభము చెరువు. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల దేవేరి యగు వరదరాజమ్మ కట్టించెనని మావారు చెప్పుకొను ఆ చెరువు, రెండు కొండల సందున గుండ్లకమ్మ నడ్డగించి కట్టిన కట్టతో శతాబ్దములుగా నిలిచియున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగా గుర్తించినది. కట్ట ఎంత ముఖ్యమో తూములును అంత ముఖ్యములు. నీటిని నిలుపునదియు పైరుకొరకే, వదలునదియు పైరుకొరకే. మా అవ్వ "ఎత్తిపెట్టు" మన్నది కట్ట ధర్మము. మా నాయన "వాడుకో" యన్నది తూము ధర్మము. ఈ రెండు మాటలకును విరోధము లేదనియు, ఒకదాని కాలము గడచి మరియొకదాని కాలము వచ్చినదనియు గ్రహించుటయే నా యుగాది సంకల్పమునకు మూలము.

మొదట సిరా పోసినది నాయన కలమునకే. మర విప్పి, ఫిల్లరుతో దండము నిండ సిరా వంచి, అంచు తుడిచి, మరల బిగించి, పాళీ క్రిందికి వంచి క్షణకాలము పట్టుకొంటిని. కలము నాలుకమీదుగా సిరా దిగి, మొదటి గీత కొంత తడబడి, రెండవది నిండుగ సాగినది. అరచేతివేడికి ఎబొనైటునుండి సన్నని గంధకపు వాసన లేచినది. ఈ జాతి కలమునకు ఒక స్వభావము కలదు: సగము ఖాళీ యైనచో చేతివేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరా కక్కును, నిండుగ పోసికొని, ఎడతెగక వ్రాయువానికి అది బుద్ధిగా నడచును. కీళ్ళు పట్టిన నా వ్రేళ్ళకు అది ఔషధమువంటిదే యైనది. బాలుపెన్నును అదుముటకు కావలసిన బలము దీనికక్కరలేదు, దండము లావుగను తేలికగను ఉండుటచే పట్టును సుఖముగ కుదురును.

ఆ కలముతో కొమరోలులోని మా అక్కకు జాబు వ్రాసితిని. అందినదినమున ఆమె ఫోనుచేసి, "నీ రాత నాయన రాత మాదిరే ఉందబ్బీ" అని చాలసేపు మరి మాటాడలేదు. ఎస్టర్‌బ్రూకు నొకదానిని తెలుగక్షరములు దిద్దుచున్న మనుమరాలి కిచ్చితిని. "తాతా, ఇది విరిగిపోతే?" అని సంకోచించినది. "విరిగితే బాగుచేయించుకుందామమ్మా, నువ్వు రాయి" అంటిని. భయపడినట్లే అది ఒకనాడు నేలబడి, పాళీ ప్రక్కకు వంగినది. ఆ కలముల పాళీలు మరతో ఊడదీసి మార్చుకొనదగినవే. ఐనను ఆమె సమ్మతింపక, సరిచేయించిన ఆ పాళీతోనే వ్రాయుచున్నది. "ళ" చుట్టునపుడు అది కొంచెము గీరుకొనును. సంతలో ఆ కలమునకిప్పుడు వెల లేదు. ఆ పిల్లకు మాత్రము అది తన కలము.

ఇక మిగిలినవానిలో నా చేతికి నప్పినవానిని నేను వ్రాయగలిగినంతవరకు వ్రాయుదును. నప్పనివానిని, వ్రాయుదుమని మాట యిచ్చినవారికి, నేను చూచుచుండగనే పంచిపెట్టుదును. చదువరులును తమ బీరువాలను ఒకమారు తెరచి చూతురుగాక. పట్టుచీర మడతలలో చినుగకముందే కట్టుకొనుడు. వెండికంచమున పిల్లలకు పప్పన్నము వడ్డింపుడు. పుస్తకమును నేటిరాత్రియే చదువుడు. మనము ప్రేమించి చేర్చుకొన్న వస్తువులలోని ఆనందము మన వారసులకు దస్తావేజులతో సంక్రమించునది కాదు. మనము వానిని వాడుచుండగా వారు చూచినచో మాత్రమే అది వారికి అందును.